రాజు ఒక్కసారే దూకుతాడు

మా మావగారు చదరంగంలో మోసం చేస్తున్నారని మొదట బయటపెట్టింది మా అమ్మాయి భవ్యశ్రీ.

"మమ్మీ! తాతయ్య చీటింగ్ కర్ రహే హై! కింగ్‌ని గుర్రంలా కుదా దియా!" అంటూ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. స్కూల్లో కోచింగ్‌కి వెళ్ళి కొత్తగా ఆట నేర్చుకుంటోంది కనక, ప్రపంచంలో నియమాలన్నీ తన దగ్గరే భద్రంగా ఉన్నాయని దాని నమ్మకం. నేను ఉల్లిపాయలు తరుగుతూ, "తాతయ్యతో నీకెందుకే వాదన" అని తోసేశాను.

అది ఆదివారం కావడంతో మా ఆయన నిరంజన్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. కూతురి ఫిర్యాదు విని నవ్వుతూనే బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా, రాజు ఒక్క గడే కదా కదలాలి? గుర్రంలా దూకించావేంటి?"

"అవున్రా. కానీ ఇట్టా దూకడం ఒక్కసారికి ఉందిగా" అన్నారు మావగారు, చాలా మామూలుగా.

నిరంజన్ మొహంలో నవ్వు పోయింది. ఎందుకంటే చిన్నప్పుడు అతనికి ఈ ఆట నేర్పింది ఆయనే. తెనాలిలో హైస్కూలు మేష్టారుగా ఉండి, జిల్లా పోటీలకి పిల్లల్ని తయారుచేసిన మనిషి సదాశివరావు మేష్టారు. ఆయనకి రాజు నడక తెలియకపోవడమేమిటి?

అత్తయ్యగారు పోయాక ఆయన తెనాలి వదిలి, దేశ రాజధానిలో ఉన్న మా దగ్గరికి వచ్చేశారు. ఆర్.కె. పురంలో నాకిచ్చిన గవర్నమెంటు క్వార్టర్లో ఆయనకొక గది, కూలరు, రేడియో. సాయంత్రం అయిదు దాటగానే సంచి పట్టుకుని రోడ్డు దాటి మునిర్కా బజారుకి నడిచి వెళ్ళేవారు. వచ్చీరాని హిందీలో బేరమాడి కూరలు తెచ్చేవారు. రోజంతా ఆయన ఎదురుచూసేది ఆ గంట కోసమే. పైగా ఆ వంకాయలు ఎంత లేతవో మేము మెచ్చుకోకపోతే అలిగేవారు కూడా.

ఆ మధ్య రెండు మూడు సంగతులు జరిగాయి. పాలు పెట్టి గ్యాసు కట్టేయడం మర్చిపోయారు. అశోకా రోడ్‌లోని ఆంధ్రా క్యాంటీన్లో భోజనం చేయడానికి ఒక్కరే వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కడో దిగిపోయి ఆటోలో వచ్చారు. నిరంజన్ గుర్గావ్ ఆఫీసులో కూర్చుని ఇంటర్నెట్‌లో ఏవేవో చదివాడు. బాగా తెలిసిన ఆటల్లో నియమాలు మర్చిపోవడం కూడా మతిమరుపు జబ్బుకి గుర్తట.

ఆ ఆదివారం సాయంత్రమే, "నా తాళంచెవి ఎక్కడో పడిపోయింది నాన్నా, కొన్నాళ్ళు నీది ఇవ్వు" అని అబద్ధమాడి ఆయన దగ్గరున్న ఇంటి తాళంచెవి తీసేసుకున్నాడు. పై వారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాడు. ఇక ఒంటరిగా బయటికి పంపేది లేదన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. భయం నాకూ ఉంది, కాదనను. కానీ నేను ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. ఒక్క ఓచరు తేడాగా కనిపించిందని లెక్కలన్నీ తప్పని రాసేస్తే మా పై అధికారి నా ఫైలు నా మొహాన కొడతాడు.

"ఒక్క ఎత్తు చూసి ఆయనకి మతి పోతోందని తేల్చేశావా?" అన్నాను.

"ఒక్కటి కాదు సునందా. నా భయం నీకర్థం కావట్లేదు."

"అర్థమవుతోంది. అందుకే చూద్దామంటున్నాను."

చూడాలంటే ముందు నాకు ఆట రావాలి. నాకు చదరంగం అంటే అరవైనాలుగు గళ్ళు అన్నంతవరకే తెలుసు. భవ్య గురువుగా కూర్చుంది. దానంత దుర్మార్గపు గురువుని నేనెక్కడా చూడలేదు. ఏనుగు నిలువుగా, అడ్డంగా ఎంత దూరమైనా పోతుంది. శకటం మూలగా పోతుంది. గుర్రం రెండు గళ్ళు వెళ్ళి పక్కకి తిరుగుతుంది, మధ్యలో ఎవరున్నా దూకేస్తుంది. మంత్రి ఎటైనా ఎంతైనా పోతాడు. రాజు పాపం ఒక్క గడి. బంటు ముందుకి ఒక్కో అడుగు వేస్తాడు, మొదటిసారి మాత్రం రెండు వేయొచ్చు. చంపడం మాత్రం ఐమూలగా చంపుతాడు. అవతలి చివరి వరసకి చేరితే మంత్రిగా మారొచ్చు. "ఎదురుగా ఉన్నవాణ్ణి ఎందుకు చంపడు?" అనడిగితే, "మమ్మీ, రూల్ హై, బస్" అంది. మా ఆఫీసులో కూడా చాలామంది ఇలాగే మాట్లాడతారు.

సోమవారం సాయంత్రం బజారుకి వెళ్ళాల్సిన వేళకి మావగారు వరండాలో ఊరికే కూర్చుని ఉన్నారు. "మావయ్యగారూ, నాకు ఆట నేర్పండి" అని బల్ల తెచ్చి ముందు పెట్టాను. ఆయన మొహం విప్పారింది.

ఆడుతూ నేను పావుల్ని చూడలేదు, ఆయన్ని చూశాను. బంట్లని ఒక్కో అడుగే నడిపారు, మొదటి అడుగుతో సహా. నేను రెండు గళ్ళు వేస్తే, "ఏం తొందరమ్మా" అన్నారు కానీ కాదనలేదు. ఆయన బంటు ఒకటి నా వైపు చివరి వరసకి చేరింది. పక్కన కూర్చున్న భవ్య, పోయిన మంత్రిని తీసి, "క్వీన్ లేలో తాతయ్యా" అని అందించబోయింది. ఆయన దాన్ని వద్దని గుర్రాన్ని తీసుకున్నారు.

"అదేంటి మావయ్యగారూ?"

"ఇది గుర్రం నిలబడే గడి గదమ్మా. గుర్రం ఇంట్లో దిగినవాడు గుర్రమే అవుతాడు. ఏనుగు ఇంట్లో దిగితే ఏనుగు. ఎవడు బడితే వాడు మంత్రి అయిపోతానంటే కుదురుద్దా?"

భవ్య నా వైపు చూసి తల కొట్టుకుంది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. మర్చిపోయిన మనిషి తడుముకుంటాడు. ఇక్కడ తడుముకోవడం లేదు. తప్పు ఎత్తులకి కూడా కారణం చెబుతున్నారు. మరి ఈ కారణాలు ఎక్కడివి? అప్పటికప్పుడు పుట్టించినవా, ఎక్కడో ఉన్నవా?

"అసలీ ఆట ఎక్కడిది మావయ్యగారూ?" అన్నాను.

"మనదే. ఈ ఉత్తరాదిలోనే ఎక్కడో పుట్టిందంటారు, పదిహేను వందల ఏళ్ళ కింద. చతురంగ బలాలు అంటాం చూడూ, రథ గజ తురగ పదాతులని? శకటం అంటే బండి, అదే రథం. మిగతా మూడూ నీ ముందే ఉన్నాయి. ఇక్కణ్ణించి పర్షియా పోయింది. రాజుకి గురి పెట్టినప్పుడు షా అంటామే, అది వాళ్ళ మాట, రాజు అని. అట్నుంచి అరబ్బుల చేతికి, ఆ తర్వాత దొరల చేతికి పోయింది. మొదట్లో మన మంత్రి ఐమూలగా ఒక్క గడే నడిచేవాడు తెలుసా? దొరలు వాణ్ణి రాణిని చేసి, ఇష్టమొచ్చినంత దూరం తిరగమన్నారు."

ఆ రాణికి ఇల్లు దాటే స్వేచ్ఛ దొరికినందుకు సంతోషించాను గానీ, నా ఎదురుగా కూర్చున్న ఆయనకి అది లేదని గుర్తొచ్చి, ఆయన వైపు చూడలేక నా బంటుని ముందుకి జరిపాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు వాళ్ళం అశోకా రోడ్‌కి భోజనానికి వెళ్ళాం. మా సెక్షన్‌లోనే సీనియర్ ధర్మయ్యగారు, వరంగల్ మనిషి. పప్పు కలుపుకుంటూ ఆయనతో ఈ గుర్రం సంగతి, రాజు దూకిన సంగతి చెప్పాను.

"గిండ్ల పరేషాన్ ఏమున్నది మేడం? మా దిక్కు పాతోళ్ళు గట్లనే ఆడుదురు. మా నాయిన రాజును గట్లనే దుంకిచ్చెటోడు" అన్నారాయన, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని. "దేశీ ఆట గది. ఊరికో తీరు ఉంటది. కని దుంకుడు ఒక్కపారే. గది గూడ షా తాకకముందే. ఒక్కపారి రాజుకు షా తాకిందా, ఇగ దుంకుడు బంద్."

నాకు అక్కడే లేచి గంతెయ్యాలనిపించింది. ఆ నియమాలు ఉన్నవే! మరుక్షణమే ఆడిట్ బుద్ధి అడ్డం వచ్చింది. నియమాలు ఉన్నాయి, సరే. అవి మావగారి దగ్గర పూర్తిగా ఉన్నాయా, ముక్కలుగా మిగిలాయా? రాజు దూకుతాడన్నది గుర్తుండి, ఎప్పుడు దూకకూడదన్నది మర్చిపోతే నిరంజన్ మాటే నిజమవుతుంది.

ఆ సాయంత్రం నిరంజన్‌కి ధర్మయ్యగారు చెప్పిందంతా చెప్పి పందెం కాశాను. "ముందే ఒకసారి షా చెబుతాను. తర్వాత రాజు దూకితే తప్ప బతకని చోట ఇరికిస్తాను. ఆయన దూకితే నువ్వేం చేసినా నోరెత్తను. దూకకపోతే తాళంచెవి తిరిగి ఇచ్చి, అబద్ధం ఆడానని ఒప్పుకోవాలి."

"ఆటకీ దీనికీ ముడిపెట్టొద్దు సునందా."

"ముడిపెట్టింది నువ్వే."

శుక్రవారం అతను పెందలాడే వచ్చాడు. నేనూ మావగారూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఎత్తులన్నీ భవ్య నా చెవిలో చెప్పినవి, చెయ్యి మాత్రం నాది. మొదట్లోనే శకటంతో షా చెప్పాను. ఆయన బంటుని అడ్డం పెట్టి ఊరుకున్నారు. ఆట సాగింది. పావులు పోయాయి, ఇటూ అటూ. కరెంటు పోయి కూలరు ఆగింది. ఎవరమూ లేవలేదు.

చివరికి ఆయన రాజు మూలకి చేరాడు. నా ఏనుగు వరస కట్టేసింది. మంత్రిని దింపి, "షా" అన్నాను. గుర్రంలా దూకితే ఒక్క గడి ఖాళీగా ఉంది. దూకితే బతుకుతాడు, దూకకపోతే ఆట కట్టు.

మావగారు రాజు నెత్తి మీద వేలు పెట్టారు. ఆ వేలు అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళు ఆ ఖాళీ గడి మీదే ఉన్నాయి. వెనక నిలబడ్డ నిరంజన్ ఊపిరి నాకు వినిపిస్తోంది. వద్దు మావయ్యగారూ, దూకొద్దు, అని అరవాలనిపించింది. ఇంకెవరి ఆటైనా అయితే గెలవమని కోరుకునేదాన్ని.

ఆయన వేలు తీసేశారు. "అయిపోయిందమ్మా. నువ్వే గెలిచావు."

"ఇక్కడికి దూకొచ్చుగా?" ఖాళీ గడి చూపిస్తూ అన్నాను.

"ఎట్టా దూకుతాడు? మొదట్లోనే షా చెప్పావుగా. ఒకసారి షా తగిలిన రాజు ఇంక దూకడు."

నేను భవ్యని పట్టుకుని ముద్దు పెట్టేసుకున్నాను. గెలిచింది తనేనని అది అనుకుంది. నిరంజన్ బల్ల ముందుకి వచ్చాడు.

"నాకు నేర్పిన ఆట ఇది కాదుగా నాన్నా" అన్నాడు.

"నీకు పోటీలకి పనికొచ్చేది నేర్పాను. ఇది మా చిన్నాన్న దగ్గర నేను నేర్చుకున్నది, నేల మీద బొగ్గుతో గళ్ళు గీసుకుని."

"మరి ఇన్నేళ్ళూ లేనిది, ఇప్పుడెందుకు ఇలా ఆడుతున్నావు?"

మావగారు పావుల్ని ఒక్కొక్కటే పెట్టెలో సర్దారు.

"ఆ రోజు బస్సులో మనం దిగే స్టాపు పేరు గుర్తు రాలేదురా. ఎంత తన్నుకున్నా రాలేదు. పక్కనాయన్ని అడుగుదామంటే, ఏమని అడగను? భయమేసింది. అప్పట్నుంచి చూసుకుంటున్నా, లోపల ఏమేం ఉన్నాయో, ఏమేం పోయాయో అని. అన్నిటికంటే ముందు నేర్చుకున్నది ఇదే. ఇది ఉందంటే ఇంకా నేను ఉన్నట్టే గదా అని..."

నా సంతోషమంతా దిగిపోయింది. ఆయనకి ఏమీ లేదని తేల్చానని ఇందాక మురిసిపోయాను. మేమందరం ఆయన వెనక భయపడుతుంటే, ఆయన మాకంటే ముందు నుంచీ ఒంటరిగా భయపడుతున్నారు. ఆ సంగతి మాకు తట్టనేలేదు.

నిరంజన్ జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఇది పోలేదు నాన్నా. నేనే..."

"తెలుసులేరా. అబద్ధం ఆడితే చిన్నప్పట్నుంచీ నీ చెవులు ఎర్రబడతాయి. అది ఇంకా మర్చిపోలేదు." తాళంచెవి తీసుకుని, "డాక్టరు దగ్గరికి పోదాం. అడగాల్సినవి నేనే అడుగుతా. ఈలోగా ఇంటి నంబరూ, నీ ఫోన్ నంబరూ కాయితం మీద రాసివ్వు, చొక్కా జేబులో పెట్టుకుంటా" అన్నారు.

మర్నాడు అయిదు దాటగానే సంచి తీసుకుని ఆయన ఒక్కరే బయల్దేరారు. నేను వెంట వస్తానంటే చేత్తో వద్దన్నారు. నిరంజన్ పేపరు పట్టుకుని కూర్చున్నాడు గానీ పేజీ తిప్పలేదు. నేను బాల్కనీలో ఆరిన బట్టలు తీసి, మళ్ళీ ఆరేసి, మళ్ళీ తీశాను. మామూలుగా వచ్చే వేళ దాటింది. చీకటి పడుతోంది. నిరంజన్ చెప్పులేసుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద దగ్గు వినిపించింది. తలుపు బయటినుంచి తాళంచెవి తిరిగింది. చెమటలు కక్కుతూ, సంచి నిండా బెండకాయలతో మావగారు లోపలికి వచ్చారు.

"వాడు రేటు తగ్గించనన్నాడు. అవతలి కొట్టుదాకా పోవాల్సొచ్చింది" అని సంజాయిషీ చెప్పి, నా మొహం చూసి ఆగిపోయారు. "ఊఁ. ఏదన్నా అడుగు" అన్నారు.

"ఏమడగను మావయ్యగారూ?"

"ఆటలోదే. అడుగు."

సోమవారం నాటి గుర్రం ఇల్లు గుర్తొచ్చింది. "రాజు నిలబడే గడిలో దిగిన బంటు ఏమవుతాడు? రాజా?"

"కాడు. రాజు ఉండగా ఇంకో రాజేంటి? వాడు మంత్రి అవుతాడు." చెప్పి, సంచి ఇంకా వదలకుండా నా కళ్ళలోకి చూశారు. "నిన్న కూడా ఇట్టాగే చెప్పానా?"

"నిన్న నేనిది అడగలేదు మావయ్యగారూ. ఇవాళే మొదటిసారి."

ఆయన తల పంకించారు. "అయితే రేపు కూడా ఇదే అడుగు. వేరేగా చెబితే మాత్రం నా దగ్గర దాచకు తల్లీ."

దాచనని చెప్పి సంచి అందుకున్నాను.