కమలకుమారి ఆంటీ డ్రైవ్‌వే

సెమీఫైనల్ ఓడిపోయి నెల దాటినా కిరీటి తన బూట్ల సంచిని కారు డిక్కీలోంచి బయటికి తీయలేదు. "వాసనొస్తోంది, కనీసం గరాజ్‌లో పెట్టు" అని భార్య రూప విసుక్కుంటే, "పారేద్దాంలే, ఇంక ఆడేదేముంది" అన్నాడు. ముప్పై ఆరేళ్లొచ్చాయి, చలికాలంలో మోకాలు ఒకసారి మెలిపడింది కూడా. మానెయ్యడానికి ఆ వంక చాలనుకున్నాడు.

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఆదివారాలు జరిగే బాస్కెట్‌బాల్ లీగ్‌లో వాళ్ల టీమ్ సీజనంతా బాగానే ఆడింది. తీరా ప్లేఆఫ్స్‌లో సెమీఫైనల్‌కి వచ్చేసరికి కిరీటి వేసిన ప్రతి బంతీ రింగు ముందంచుకి తగిలి వెనక్కొచ్చింది. టీమ్‌లో గట్టి డిఫెండర్ అనిపించుకున్న జయదేవ్ మూడో క్వార్టర్ అవ్వకుండానే ఐదో ఫౌల్ చేసి, ఇంక ఆడే వీల్లేక బెంచీ ఎక్కాడు. మిగతా ఆట చూసేవాళ్లకి కూడా కష్టంగా గడిచింది.

పార్కింగ్ లాట్‌లో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"నీ చేతులు కాస్త ఊరుకునుంటే గెలిచేవాళ్లం" అన్నాడు కిరీటి.

"నీ చేతులు పనిచేసుంటే నా చేతులకి అంత పనెందుకు పడేది?" అన్నాడు జయదేవ్.

చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లు, ఆ తర్వాత ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు.

మే నెలలో ఒకరోజు కమలకుమారి ఆంటీ ఫోన్ చేసింది. "ఒరే, శనివారం పొద్దున్నే రా. పెసరట్లు వేస్తున్నా." ఎందుకని అడగనివ్వకుండానే పెట్టేసింది.

కిరీటికి పదకొండేళ్లప్పుడు వాళ్ల కుటుంబం తెనాలి నుంచి వచ్చి ఆవిడ ఇంట్లోనే బేస్‌మెంట్ అద్దెకి తీసుకుంది. కరీంనగర్ నుంచి వచ్చిన జయదేవ్ వాళ్లు పక్క వీధిలో ఉండేవాళ్లు. స్కూల్లో ఇద్దరికీ ఇంగ్లీషులో నోరు పెగిలేది కాదు. జిమ్ పీరియడ్‌లో వాళ్లకి ఎవరూ బంతి ఇచ్చేవాళ్లు కాదు. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆ సంగతే చెప్పుకుని ఏడుస్తుంటే ఆంటీ చెవిన పడింది. ఆ శనివారమే ఆవిడ భర్త ఆంజనేయప్రసాద్ అంకుల్ ఇంటి ముందు కార్లు నిలిపే డ్రైవ్‌వే పక్కన స్తంభం పాతి, రింగు బిగించాడు.

అప్పుడు ఆంటీ బయటికొచ్చింది. చీర మీద అంకుల్ కోటు, కాళ్లకి మంచు బూట్లు. బంతి అందుకుని రెండుసార్లు నేలకి కొట్టి, ఉన్నచోటి నుంచే వేసింది. వల చప్పుడైంది తప్ప రింగు కదల్లేదు. పిల్లలు నోరెళ్లబెట్టారు. ఆవిడ గుంటూరులో చదువుకున్నప్పుడు కాలేజీ టీమ్‌కి కెప్టెన్ అన్న సంగతి పెళ్లయిన ఇన్నేళ్లకీ అంకుల్‌కే సరిగ్గా తెలియదట.

ఇక ఆ డ్రైవ్‌వేనే వాళ్ల లోకమైంది. ఆడాలంటే ముందు మంచు ఎత్తిపోసుకోవాలి. చలికి బంతి రాయిలా బిగుసుకుపోయి లేచేది కాదు. దాన్ని బేస్‌మెంట్‌లో ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పక్కన పెట్టి వెచ్చబడేదాకా వంతులవారీగా కాపలా కాసేవాళ్లు. వంటింటి కిటికీలోంచి ఆంటీ అరుస్తూనే ఉండేది. "మోచెయ్యి లోపలికి! తల ఎత్తరా!" వీధిలో పంజాబీ పిల్లలకి కూడా ఆ రెండు తెలుగు ముక్కలు వచ్చేశాయి.

శనివారం కిరీటి వెళ్లేసరికి జయదేవ్ కారు అప్పటికే అక్కడుంది. వెనక్కి తిప్పుదామా అనుకున్నాడు. కానీ గరాజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఆంటీ చేతికర్ర ఎత్తి పిలిచింది. నిరుడు పక్షవాతం వచ్చి తగ్గినా ఎడమ చెయ్యి ఇంకా సరిగా స్వాధీనంలోకి రాలేదు. చూపులో మాత్రం ఆ పదును అలాగే ఉంది.

"మీ ఆట వీడియో చూశాను" అంది.

ఇద్దరూ తలొంచుకున్నారు.

"నువ్వు మోకాళ్లు వంచట్లేదు కిరీటీ. మళ్లీ మెలిపడుతుందని భయం. కాళ్లలో బలం లేకపోతే బంతి ముందే పడుతుంది మరి. ఇక నువ్వు, జయదేవ్! అవతలివాడు కదిలితే నువ్వూ కదలాలిగానీ చేతులు చాపుతావేంట్రా?"

"నేను అలిసిపోయిన, ఆంటీ" అన్నాడు జయదేవ్ మెల్లగా. "ఆ రోజు డబుల్ షిఫ్ట్ చేసి వచ్చిన. ఎవరికీ చెప్పలే."

కిరీటి చటుక్కున తలెత్తి చూశాడు. "నాకైనా చెప్పొచ్చుగా?"

"నీ మోకాలి గురించి నువ్వు చెప్పినవా?"

ఆంటీ నవ్వింది. "కాలేజీలో ఉన్నప్పుడు మేము వాల్తేరులో ఫైనల్ ఓడిపోయాం. నా పాసే అవతలివాళ్ల చేతికి చిక్కింది. తిరుగు రైల్లో ఎవరూ మాట్లాడలేదు. తుని దాటాక మా టీమ్‌లో సరోజ లేచి వచ్చి నా పక్కన కూర్చుని జడ అల్లడం మొదలుపెట్టింది. నేను ఏడుస్తూనే ఉన్నా, అది అల్లుతూనే ఉంది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం."

"గెలిచారా?"

"లేదు. కానీ ఎంత బాగా ఆడామనుకున్నావ్!" ఆవిడ కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఇప్పటికీ ఆ ఎర్రమట్టి కోర్టు మీదే ఉన్నట్టు కిరీటికి అనిపించింది.

కిరీటి డిక్కీ తెరిచి బూట్లు వేసుకున్నాడు. మొదటి బంతి రింగుకి తగిలి గడ్డిలో పడింది. "వంచు!" అంది ఆంటీ. రెండోది కూడా పోయింది. జయదేవ్ పరుగున వెళ్లి తెచ్చిచ్చాడు. మోకాలు కలుక్కుమంటుందేమోనని బెదురుతూనే ఈసారి పూర్తిగా వంచి వేశాడు. బంతి పైకి లేచి నేరుగా వల్లోకి దిగింది. అంకుల్ వచ్చి పెసరట్లు చల్లారిపోతున్నాయని రెండుసార్లు చెప్పినా ఎవరికీ వినబడలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం అక్కడే కలిశారు. కిరీటి ఫిజియో దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆట ఉన్న వారం జయదేవ్ డబుల్ షిఫ్ట్ ఒప్పుకోవడం మానేశాడు.

జూన్‌లో ఏజాక్స్ అనే ఊళ్లో చిన్న టోర్నమెంట్ ఆడారు. మొదటి ఆట గెలిచారు. రెండోది చివరిదాకా లాగి, ఒక్క బాస్కెట్ తేడాతో పోగొట్టుకున్నారు. జయదేవ్ ఆఖరి నిమిషం వరకూ కోర్టులోనే ఉన్నాడు. చెమటతో తడిసి ముద్దై ఇద్దరూ బయట గడ్డిలో కూలబడ్డారు. కిరీటి ఫోన్ తీశాడు.

"ఆంటీ, ఓడిపోయాం!"

"ఓడిపోయామని అంత హుషారుగా చెబుతావేంట్రా?"

జయదేవ్ ఫోన్ లాక్కున్నాడు. "మీరు చూడాల్సింది ఆంటీ! వీడు కార్నర్‌లోంచి ఒకటి వేసిండు..." అంటూ మొదలుపెట్టి, ఒంటి చేత్తో గాల్లో బొమ్మలు గీస్తూ ఆట మొత్తం చెప్పసాగాడు. కిరీటి వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని విన్నాడు.