సాక్షికేమీ రాదు

జిరాక్సు మిషనుకు వీపు ఆనించి నిలబడ్డాడు మొండయ్య. పొద్దున్నే నాలుగు కట్టల కాగితాలు తీసేసరికి మిషను కుంపటిలా వేడెక్కుతుంది. ఆ వేడి నడుముకు హాయి. ఆఫీసులోకి ఎవరూ రాకముందు దొరికే సుఖం అదొక్కటే. లోపల కెటిల్లో నీళ్ళు కుతకుతలాడుతున్నా కాసేపు కదల్లేదు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆ ఆఫీసుది ఇంగ్లండు చట్టాల వ్యాపారం. ఇంగ్లీషువాళ్ళు ఏ దేశం పోయినా వాళ్ళ చట్టాన్ని బట్టలతోపాటు సర్దుకుని పోతారు కాబోలు. ధహ్రాన్‌లో ఉద్యోగం చేసే దొరలు, దొరసానులు వచ్చి తాము పోతే ఇల్లెవరికి, పిల్లలెవరి దగ్గర పెరగాలి అని రాయించుకుంటారు. కంపెనీలవాళ్ళు వచ్చి ఒప్పందాలు రాయించుకుంటారు. వాళ్ళందరికీ టీలు పొయ్యడం, కాగితాలు మొయ్యడం, నేల తుడవడం మొండయ్య పని. వీలునామా ఉన్న రోజు ఇంకో పని కూడా ఉంటుంది. సాక్షి సంతకం.

ఆ పనంటే మొండయ్యకు ఇష్టం. రాసినవాళ్ళు సంతకం పెడుతుంటే ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండి చూడాలి, వాళ్ళ ముందే తామూ పెట్టాలి. పెద్ద సారు పిలిచి, ఎదుట మెత్తటి కుర్చీ చూపించి, కూర్చోమంటాడు. మొండయ్య, డ్రైవర్ అబ్దుల్ ఘనీ పక్కపక్కన కూర్చుంటారు. అంత పెద్ద ఆఫీసులో మొండయ్య కూర్చునేది అప్పుడే. మిగతా పొద్దంతా నిలుచునే ఉంటాడు. తెలుగులోనే పెడతాడు సంతకం, మ దగ్గర మొదలుపెట్టి య్య దాకా గుండ్రంగా, నిదానంగా. సారు గడియారం చూసుకుంటాడు. చూసుకోనీ, మనకేం పోయింది!

అసలతనిది వడ్రంగం. జగిత్యాల పక్క పల్లె నుంచి జుబైల్‌లో సెంట్రింగు పనికని వచ్చాడు. పరంజా మీదనుంచి పడ్డాడు. కాళ్ళూ చేతులూ మిగిలాయి గానీ నడుము పాడైంది. పనిలో పెట్టుకున్న అరబ్బు కఫీల్ మంచివాడో, వదిలించుకుందామనుకున్నాడో, ఈ ఆఫీసులోకి మార్చాడు. అప్పటినుంచి ఇక్కడే. వచ్చేటప్పుడు నల్లగా ఉన్న మీసం ఇప్పుడు దూదిలా ఉంది. వచ్చే రంజాన్ దాటగానే మళ్ళీ రాకుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోవాలని ఖాయం చేసుకున్నాడు. వచ్చి ఏం జేస్తవని భార్య ముత్యవ్వ ఫోన్లో అడిగింది.

"కుర్చీల కూసుంట," అన్నాడు.

ముత్యవ్వ నవ్వింది. కానీ మొండయ్య నవ్వించడానికి అన్లేదు. నిజంగానే అతని మనసులో ఒక కుర్చీ ఉంది.

ఆ కుర్చీ కృపామణి సిస్టరమ్మది. నరసాపురం పక్క ఊరావిడ. చిన్న వయసులోనే ఇంగ్లండు పోయి నర్సుగా చేసి, అక్కడి పాస్‌పోర్టే తీసుకుని, పదేళ్ళ కింద ఇక్కడి ఆసుపత్రికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి ఆఫీసు నుంచి ఆవిడ ఫ్లాటుకు కాగితాలు తీసుకెళ్ళినప్పుడు మొండయ్య నడక చూసి, అతను గుమ్మంలో ఉండగానే "నడుమేనా?" అంది. కూర్చోబెట్టింది ఆ కుర్చీలోనే. ఎవరో దొర ఊరికి పోతూ అమ్మేసిన టేకు కుర్చీ. వెనక్కి వాలి ఉంటుంది, వెడల్పాటి చేతులు. అందులో కూర్చున్నాక అన్నేళ్ళ నొప్పి చెప్పకుండా లేచి పోయినట్టయింది మొండయ్యకు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూసీ చూడనట్టు టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆ తర్వాత శుక్రవారాలు అక్కడికి పోవడం అలవాటైంది. పక్క ఫ్లాటు నర్సు ఏంజెల్ కూడా వచ్చి కూర్చునేది, తలుపు బార్లా తీసి ఉండేది, ఎవరూ ఏమీ అనుకోకుండా. విరిగిన కుర్చీ చేతిని మొండయ్య కొయ్య మేకు కొట్టి అతికాడు. సిస్టరమ్మ అతని నడుముకని చిన్న దిండు కుట్టి, రెండు నాడాలు పెట్టి కుర్చీ వెనక్కి కట్టింది. నిరుడు ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక ఆవిడ పడుకోలేకపోయింది. పగలూ రాత్రీ ఆ కుర్చీలోనే. దిండు తనకు గుచ్చుకుంటుందని విప్పి కుర్చీ చేతికి వేలాడదీసింది. తీసుకుపోరా మొండయ్యా నాకింకోటి కొనుక్కుంటానని ఎన్నోసార్లు చెప్పింది. కూర్చున్న మనిషి కిందనుంచి కుర్చీ ఎలా లాక్కుపోతాడు?

అందుకే వీలునామాలో రాయించింది. ఇంగ్లండులో ఆవిడకో ఇల్లుంది. చనిపోయిన స్నేహితురాలి కూతురు జెస్సీని ఆ ఇంట్లోనే పెంచింది. ఆ పిల్ల ఇప్పుడూ అక్కడే, తన పసిబిడ్డతో. పెంచింది గానీ కాగితం మీద కూతురు కాదు. కాగితం లేకుండా ఆవిడ కన్ను మూస్తే ఆ చట్టం ప్రకారం ఇల్లు రక్తసంబంధానికి పోతుంది, అంటే ఊళ్ళో ఉన్న తమ్ముడు నెహెమ్యాకి. ఆ తమ్ముడు అప్పుడే ఫోన్లు చేసి ఇంటి సంగతి ఆరా తీస్తున్నాడు. వీలునామా పోయిన వారమే తయారైంది. సంతకం పెట్టేస్తే అయిపోయేది. కానీ ఆవిడ వెనక్కి పంపింది, ఒక్క వాక్యం కలపాలని. టేకు కుర్చీ మొండయ్యకు.

ఆ వాక్యం టైపు చేసిన ప్రభాకర్ ఆఫీసులో గుమాస్తా, నిజామాబాద్ పిల్లవాడు. పొద్దున టీ అందుకుంటూ కవరు మొండయ్య చేతికిచ్చి, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. పెద్ద సారు బహ్రెయిన్‌లో ఉన్నాడు, తను దమ్మాంలో కంపెనీవాళ్ళ దగ్గరుండాలి, కాబట్టి నువ్వూ అబ్దుల్ ఘనీ పోండి. సంతకాలు మాత్రం అబ్దుల్ ఘనీ, ఏంజెల్ పెట్టాలి.

"నువ్వు పెట్టొద్దు మొండయ్యా. నీ పేరు లోపలుంది. సాక్షికి ఏమీ రావద్దు, అది రూలు. నువ్వు పెడితే కాగితం చెల్లుతది, నీ కుర్చీ మాత్రం పోతది."

తన పేరు ఒక కాగితంలో, సంతకాల కింద కాకుండా లోపల ఉండడం మొండయ్యకు వింతగా ఉంది. మధ్యాహ్నం బయల్దేరాక దారి పొడుగునా కవరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, సాయంత్రం అసర్ నమాజు వేళకు గానీ చేరలేదు. అబ్దుల్ ఘనీ తన నమాజు తర్వాత చేసుకుంటానని పైకి వచ్చాడు.

తలుపు తెరిచే ఉంది. గదిలో ఇద్దరు అంబులెన్సువాళ్ళు స్ట్రెచర్ విప్పుతున్నారు. సిస్టరమ్మ కుర్చీలో ముందుకు వంగి, మూతికి ఆక్సిజన్ గొట్టంతో, ఒడ్డున పడ్డ చేపలా ఎగశ్వాస తీస్తోంది. ఏంజెల్ లేదు. హైవే మీద బస్సు బోల్తా పడిందట, సెలవులో ఉన్న నర్సుల్ని కూడా వ్యాను పంపి తీసుకుపోయారు. పోయే ముందు అంబులెన్సుకి ఫోన్ చేసి పోయింది పాపం.

మొండయ్య ప్రభాకర్‌కి ఫోన్ కొట్టాడు. ఇంకెవరినైనా చూడమన్నాడతను. ఎవర్ని చూస్తారు? అంబులెన్సువాళ్ళు రోగుల కాగితాలు ముట్టకూడదని వాళ్ళ ఆసుపత్రి రూలు. కింద వాచ్‌మన్ మసీదుకు పోయాడు. నమాజుకని దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. అబ్దుల్ ఘనీ ఫ్లాట్ల తలుపులు తట్టాడు. ఇళ్ళలో ఆడవాళ్ళే ఉన్నారు, పరాయి మగాడి గొంతుకి ఎవరూ తియ్యలేదు. వగరుస్తూ తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. అంబులెన్సువాళ్ళు తొందరపెడుతున్నారు. ఐసీయూలోకి పోయాక ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు, కాగితాన్ని అసలే రానివ్వరు.

మొండయ్య కుర్చీ వంక చూశాడు. తను కొట్టిన కొయ్య మేకు మీద ఆవిడ వేళ్ళు బిగిసి ఉన్నాయి. పోయిన వారమే అయిపోవాల్సిన సంతకం. తన కుర్చీ కోసం ఆగింది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఓ పిల్ల, పసిబిడ్డను చంకనేసుకుని, వీధిలో నిలబడితే? నడుంలో నొప్పి ఒక్కసారి సుర్రుమంది. చాలా అలసటగా అనిపించింది. ఇలాంటివి ఎప్పుడూ తన దగ్గరికే వస్తాయేమిటని విసుగు కూడా వచ్చింది.

"పెన్ను ఇటియ్యి భాయ్," అన్నాడు.

సిస్టరమ్మ తల ఎత్తింది. గొంతు పూర్తిగా రావడం లేదు.

"నువ్వు పెట్టకూడదన్నారు కదరా."

"ప్రభాకర్ సారే పెట్టుమన్నడు సిస్టరమ్మా. ఏం గాదట."

జీవితంలో ఆవిడ దగ్గర ఆడిన అబద్ధం అదొక్కటే. ఆవిడ అట్ట మీద కాగితం పెట్టుకుని, ఒక్కో అక్షరానికీ ఆగుతూ సంతకం చేసింది. ఇద్దరూ చూశారు. అబ్దుల్ ఘనీ చేశాడు. మొండయ్య నేల మీద గొంతుక్కూర్చుని, మ దగ్గర మొదలుపెట్టి, ఎప్పటికన్నా నిదానంగా రాశాడు. ఈసారి గడియారం చూసేవాళ్ళెవరూ లేరు.

ఆవిడ మొహం తేటపడింది. "జెస్సీకి ఇల్లు. నీకు కుర్చీ. ఇప్పుడే పట్టుకుపో, జీపులో పడుతుంది."

అబ్దుల్ ఘనీ కూడా మోచేత్తో పొడిచాడు, తీసుకోరాదా అని. తీసుకుంటే అయిపోయేది. బతికుండగా చేతికిచ్చింది ఏ చట్టమూ లాక్కోదు, ఆ మాట మొండయ్యకూ తెలుసు. కానీ మనిషి దవాఖానకు పోతుంటే ఆమె కూర్చున్న కుర్చీ ఇల్లు దాటిస్తారా ఎవరైనా! మళ్ళీ వచ్చేది లేదని మనమే చెప్పినట్టు కాదూ? అతనికి చేతులు రాలేదు.

"నువ్వు వచ్చినంక తీస్కపోత. వచ్చి దేంట్ల కూసుంటవ్?"

ఆవిడ చూపు కుర్చీ చేతికి వేలాడుతున్న దిండు మీద ఆగింది. బట్టల సంచీ కిందకి చేర్చి లిఫ్టు పట్టి ఉంచమని అంబులెన్సువాళ్ళు అతన్ని పంపారు. అబ్దుల్ ఘనీ రెండో ఆక్సిజన్ సిలిండరు మోస్తూ వెంట వచ్చాడు. చాలాసేపటికి గానీ స్ట్రెచర్ రాలేదు. కళ్ళు మూసుకుని ఉంది సిస్టరమ్మ. తలుపు లాగి తాళం వేసి వచ్చిన అంబులెన్సు మనిషి తాళంచెవిని మొండయ్య అరచేతిలో పెట్టాడు.

ఆఫీసుకు తిరిగొచ్చి, దమ్మాం నుంచి వచ్చిన ప్రభాకర్‌కి జరిగింది చెప్పి, కవరు బీరువాలో పెట్టాడు. టీ గ్లాసులు కడిగాడు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అవుతుండగా ప్రభాకర్‌కి ఏంజెల్ ఫోన్ చేసింది. అతను విని, సరే అని పెట్టేసి, వంటగది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. మొండయ్యకు అర్థమైంది. నీళ్ళ కుళాయి కట్టేశాడు.

ప్రభాకర్ అన్నాడు, కుర్చీ మాట చెల్లదు కాబట్టి సామానంతా ఇక జెస్సీదే, తను ఫోన్ చేసి కుర్చీ సంగతి చెప్తాడట, ఆ పిల్ల కాదనదట.

"వద్దు సార్. సంతకానికి కూలి అడిగినట్టయితది."

ప్రభాకర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యమనీ, ముందు ఏసీ ఆపి రమ్మనీ చెప్పాడు. అబ్దుల్ ఘనీ జీపు తీశాడు.

మొండయ్య తలుపు తీసి లైటు వేశాడు. ఏసీ ఆపాడు. నేల మీద పడి ఉన్న పెన్ను మూతని ఏరి జేబులో వేసుకున్నాడు. నిలబడే ఉండడంతో నడుము లాగుతోంది. కూర్చుంటే అడిగేవాళ్ళు లేరు. కూర్చోలేదు. లైటు ఆపబోతూ ఒకసారి వెనక్కి తిరిగాడు.

కిటికీ పక్కన కుర్చీ గుమ్మం వైపుకి తిరిగి ఉంది. చేతికి వేలాడుతూ ఉండే దిండు అక్కడ లేదు, కుర్చీ వెనక నడుము ఆనే చోట ఉంది, రెండు నాడాలూ గట్టిగా ముడేసి.