రెండు శేర్ల చెంబు

కొమురెల్లి పహిల్వాన్ చచ్చిపోయాడన్న మాట బెల్లంపల్లి పొద్దున ఆరింటికే విన్నది. నమ్మడానికి మాత్రం దానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో ఊరు చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్ళు. శేర్లు పోయి లీటర్లు వస్తున్నాయని చెప్పుకుంటున్నారు గాని దుర్గవ్వ కొట్టంలో ఇంకా శేర్లే. నాలుగు బర్రెలు, ఒక దుడ్డె, కుస్తీలు నేర్పే తాలీంఖానా గోడకు ఆనుకొని ఒక పెంకుల కొట్టం. భర్త బొగ్గు బాయిలో పోయినాక ఆమెకు మిగిలిన బతుకు అదే. బాయి కూలీలుండే లైన్లలో సగం ఇళ్ళకు ఆమె పాలే పోయేవి.

రోజూ తెల్లవారకముందే కొమురెల్లి తాలీంలో దండీలు, బస్కీలు తీసి, ఒంటికి ఎర్రమట్టి ఉండగానే ఆ కొట్టంలోకి వచ్చేవాడు. రెండు శేర్లు పట్టే ఇత్తడి చెంబు ఒకటి అతని కోసమే గూట్లో ఉండేది. దుర్గవ్వ అందులోకే పిండి, నురుగు దిగకముందే చేతికిచ్చేది. అతను గుక్క తిప్పుకోకుండా తాగి, మూతి తుడుచుకుంటూ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ముందు నుంచి ఇంటికి పోయేవాడు. ఏడేళ్ళుగా ఇదే వరస. ఆ మూతి తుడుచుకోవడం చూడటానికే కొందరు పొద్దున్నే హోటల్ బల్లల మీద చేరేవారంటే మీరు నమ్మాలి.

ఎందుకు చేరరు? బాయిలో బొగ్గు నింపే కూలివాడు చాందా దంగల్‌కు పోయి, అక్కడి పేరుమోసిన పహిల్వాన్‌ను నాలుగు నిమిషాల్లో వెల్లకిలా పడేసి వచ్చాడు. హైదరాబాదు పత్రికలో ఫోటో పడింది. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా చంటిపిల్లలకు కూడా అతని పేరు తెలుసు. అప్పటి నుంచి అతను తల్లి పోచవ్వ కొడుకుగా మిగల్లేదు, ఊరి కొడుకైపోయాడు. ఇక ఆ ఒంట్లో వాటా అడగని మనిషి లేడు. ఆ కండలు తాను పెట్టిన మూలిగ బొక్కలవి అని మాంసం కొట్టాయన అనేవాడు. ఆ భుజాలు తన జిలేబీలతో పెరిగాయని హోటల్ పర్శరాములు ఒట్టేసి చెప్పేవాడు. పత్రికలోని ఫోటోకు అద్దం కట్టించి గల్లా పెట్టె పైన తగిలించింది కూడా ఆయనే. దుర్గవ్వ మాత్రం ఏ గొప్పా చెప్పుకోలేదు. ఆమెకు అంత తీరిక ఎక్కడిది.

చెన్నూరులో పెద్ద కుస్తీ ఖాయమైంది. ఇంకా పదిహేను రోజులుందనగా ఒక పొద్దున కొమురెల్లి చెంబు నోటి దాకా తెచ్చి దించేశాడు. గోడకు ఆనుకొని కూర్చుని రొమ్ము రుద్దుకున్నాడు. దుర్గవ్వ కంగారుపడి దగ్గరికి పోయింది.

"అత్తా, రొమ్ముల పట్టేసినట్టయితుంది. పాలు చూస్తెనే డోకొస్తుంది" అన్నాడు. "గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు. ఊరంత నా మీదనే ఆశ వెట్టుకున్నది."

దవాఖానకు పొమ్మని ఆమె పోరింది. చెన్నూరు కుస్తీ అయినాక పోతానన్నాడు. గోదాలో దిగేదాకా నోరు విప్పనని ఆమె చేత చేతిలో చేయి వేయించుకున్నాడు. తర్వాత ఆ పాలు దుడ్డె ముందు పెట్టి తాగించి, ఎప్పటిలాగే మూతి తుడుచుకుంటూ హోటల్ ముందు నుంచి నడిచిపోయాడు. ఎనిమిది రోజులు అదే ఆట సాగింది. ఆ ఎనిమిది రోజుల్లో దుడ్డె మాత్రం బాగా బలిసింది.

తొమ్మిదో పొద్దున కూడా అలాగే మూతి తుడుచుకుంటూ బయటికి పోయాడు. పది అడుగులు వేశాడో లేదో, పర్శరాములు బల్ల మీద చేయి ఆన్చి, కూర్చోబోయి, పక్కకు ఒరిగాడు. నవ్వులాటకు చేస్తున్నాడనుకొని బల్ల మీదివాళ్ళు నవ్వారు కూడా. ఆ నవ్వు దుర్గవ్వ కొట్టంలో నుంచి విన్నది. ఆ వెనకనే ఎవరో అరిచారు. ఆమె పాల చేతులతోనే ఉరికి వచ్చి చూసేసరికి ఆ కొండంత మనిషి నేల మీద ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు.

దవాఖాన డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. జనం ఆయన మొహంలోకి పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఆ గుండె ఆగడమేమిటి? దాని మీద ముగ్గురు మనుషులు ఎక్కి తొక్కితే కూడా నవ్వుతూ పడుకునేవాడు కదా. మొదటి షిఫ్టు వాళ్ళు ఆ పొద్దు బాయిలోకి దిగలేదు. ఒకాయన శవం పక్కన కూర్చుని చాలాసేపు అరికాళ్ళు రుద్దుతూనే ఉన్నాడు, వేడి పుడుతుందని. బతికున్నవాడి ఫోటోకు దండ వేయకూడదని అన్నాళ్ళు ఆగిన పర్శరాములు మధ్యాహ్నానికల్లా దండ వేసి, దాని కిందే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో కపటమేమీ లేదు, అది ఒప్పుకోవాలి.

సాయంత్రం సాగనంపి వచ్చేసరికి ఆ దుఃఖానికి ఒక మనిషి కావలసివచ్చింది. నింద వేయడానికి.

"నా కండ్లతోటి చూసిన" అన్నాడు పర్శరాములు వచ్చినవాళ్ళందరితో. "పాలు తాగి మూతి తుడుసుకుంట వచ్చిండు. వచ్చి కూలవడ్డడు."

అంతే అన్నాడు. మిగతాది ఊరు తనే కల్పించుకున్నది. దుర్గవ్వ తల్లిగారి ఊరు ఏది? చెన్నూరు. కుస్తీ ఎక్కడ? చెన్నూరులో. ఇంకేం కావాలి! ఆమె తమ్ముడు మొన్న వచ్చిపోయాడని ఒకరు, ఏదో పసరు తెచ్చాడని ఇంకొకరు. పాపం ఆ తమ్ముడు నిరుడే చనిపోయాడు, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు దుర్గవ్వ పాలు పిండి కూర్చుంటే ఒక్క గిన్నె రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె పాలతో పిల్లల్ని పెంచుకున్నవాళ్ళు గడపల్లో నిలబడి చూశారు గాని దగ్గరికి రాలేదు. మధ్యాహ్నానికి పాలు విరిగాయి. ఎవరో వచ్చి కుండలు తన్ని పోయారు. పాలు వాకిట్లో పారుతుంటే కుక్క ఒకటి నాకబోయింది. ఒకావిడ దాన్ని కర్రతో అదిలించింది, చచ్చిపోతుందని. దుర్గవ్వకు అన్నిటికంటే ఆ అదిలింపే గుండెల్లో గుచ్చుకున్నది.

ఆమెకు తెలుసు. ఆ రోజు అతను చుక్క కూడా తాగలేదని ఒక్క మాట చెబితే చాలు. కాని ఎలా చెబుతుంది? మా పహిల్వాన్ ఎనిమిది రోజులు దొంగ మూతి తుడుచుకొని ఊరిని మోసం చేశాడంటే ఆ పేరు ఏమవుతుంది? భయపడ్డాడంటారు. చెన్నూరు వాళ్ళు నవ్వుతారు. చచ్చినవాడు వచ్చి చెప్పుకోలేడు కదా. పైగా చేతిలో చేయి వేసింది. అతను గోదాలో దిగనూ లేదు, ఇక దిగేదీ లేదు. ఆ మాట ఎన్నటికి తీరుతుందో ఆమెకు అర్థం కాలేదు. కడుపులో ఇంకో బాధ కూడా ఉన్నది. ఆనాడే తాను అరిచి చెప్పి ఉంటే బతికేవాడేమో.

పొద్దుగూకే వేళ తాలీం ఉస్తాద్ హనుమండ్లు వచ్చాడు. పెద్దమనిషి, ఎన్నడూ ఒక మాట జారడు. జనం మతిలో లేరనీ, నాలుగు దినాలు తల్లిగారింటికి పొమ్మనీ మెల్లగా చెప్పాడు.

"పోతే నేనే సంపినట్టు గాదా, ఉస్తాద్?" అన్నది దుర్గవ్వ.

హనుమండ్లు ఆమె కళ్ళలోకి చూడకుండా దుడ్డె వీపు నిమిరి పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టడం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, వాగు ఒడ్డున ఆకుల్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయినవాడి మనసు ఇంకా ఇక్కడే ఉన్నదని అర్థం. మామూలుగా అయితే ఇంటివాళ్ళు పదిమంది పోతారు. కొమురెల్లికి ఊరు ఊరే కదిలింది. మాంసం, బొక్కల పులుసు, బాదం, కోడిగుడ్లు, పర్శరాములు జిలేబీలు, ఆకుల మీద ఆకులు పరిచారు. అంత తిండి చూస్తే బతికున్నవాడికే ఊపిరాడదు. కాకులు చెట్ల మీద కూర్చుని అరిచాయి గాని, ఆ జనాన్ని చూసి ఒక్కటీ కిందికి దిగలేదు. గంట గడిచింది. ఎండ ఎక్కింది. అతనికి అన్యాయం జరిగింది, అందుకే పిట్ట ముట్టట్లేదని గుసగుసలు మొదలయ్యాయి.

అప్పటిదాకా తల వంచుకొని కూర్చున్న పోచవ్వ తలెత్తింది. దుర్గవ్వను పిలుచుకు రమ్మన్నది. రెండు శేర్ల చెంబుతో పాలు తెమ్మన్నది.

దుర్గవ్వ వచ్చింది. జనం దారి ఇచ్చారు, ఆమె చీర తమకు తగలకుండా. ఆమె చెంబు ఆకుల పక్కన పెట్టి నిలబడింది. ఎవరి వైపూ చూడలేదు, అది చూసి కొందరు కళ్ళతోనే ఒకరికొకరు చెప్పుకున్నారు.

"వదినే" అన్నది పోచవ్వ. "ఆ పొద్దు నా కొడుకు నీ పాలు తాగిండా?"

దుర్గవ్వ చుట్టూ చూసింది. ఇంతమందిలో అబద్ధమాడితే తను పోతుంది, నిజం చెబితే వాడి పేరు పోతుంది. కాని అడుగుతున్నది ఊరు కాదు, కన్నతల్లి. ఆమె ముందు ఏ ఒట్టూ నిలవలేదు.

"తాగలే, వదినే" అన్నది. "ఎనిమిది దినాల సంది సుక్క ముట్టలే. దుడ్డెకు తాపి, మూతి తుడుసుకొని పోయెటోడు. రొమ్ముల పట్టేస్తుందన్నడు. ఎవ్వలకు చెప్పద్దన్నడు. మీ అందరికి భయపడ్డడు."

జనంలో ఒక్కసారి గోల లేచింది. మా పహిల్వాన్‌కు రోగమా అని ఒకడు, చచ్చినవాడి మీద నింద వేస్తున్నదని ఇంకొకడు. విషమంటే నమ్మారు, పసరంటే నమ్మారు, చచ్చిన తమ్ముడు లేచి వచ్చాడన్నా నమ్మారు. తాము మోసి తిరిగిన ఆ రొమ్ములో నొప్పి ఉన్నదంటే మాత్రం నమ్మలేకపోయారు. పర్శరాములు చేయి ఎత్తి ముందుకు వచ్చాడు.

పోచవ్వ అతనికి అడ్డం నిలబడింది.

"నాకు సుత చెప్పిండు" అన్నది. "రొమ్ముల మంట అవ్వా అన్నడు. దిష్టి తగిలిందన్న. ఎండు మిరుపకాయలు తిప్పేసిన. ఇంకో శేరు పాలు తాగు బిడ్డా, తక్కువైతది అన్న. పహిల్వాన్‌కు రోగమేందని నవ్విన. కన్నతల్లిని, నేనే ఇనలే."

పర్శరాములు ఎత్తిన చేయి కిందికి జారింది. హనుమండ్లు ఉస్తాద్ రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకొని రాయి మీద కూర్చున్నాడు. వారం రోజులుగా కొమురెల్లి సగం బస్కీలకే రొప్పుతుంటే, బద్ధకమని తిట్టింది ఆయనే. ఆ సంగతి ఆయన ఆ రోజు ఎవరికీ చెప్పలేదు, తర్వాత చెప్పాడు. పిట్ట ముట్టిందా లేదా అంటే ఎవరూ చూడలేదు. ఒక్కొక్కరే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, వాగు ఒడ్డు నుంచి వెళ్ళిపోయారు.

క్షమించమని దుర్గవ్వను అడిగినవాళ్ళు లేరు. నాలుగో పొద్దున ఆమె అలవాటు కొద్దీ బర్రెలు పిండి కూర్చున్నది. ఎదురుగా హోటల్ బల్లల నిండా జనమే, గిన్నె పట్టుకొని ఈవలికి దాటినవాడు ఒక్కడూ లేడు. నిజం తెలిసినా మొదట తాగేది ఎవరన్నది వాళ్ళ బాధ. ఈ బర్రెలను అమ్మేసి ఎటైనా పోవడమే మేలని దుర్గవ్వ మనసులో నిశ్చయించుకున్నది.

అంతలో పోచవ్వ వచ్చింది. మైలలో ఉన్న మనిషి గడప దాటకూడదు, దాటి వచ్చింది. చేతిలో నిన్న వాగు ఒడ్డున మిగిలిపోయిన కొడుకు చెంబు ఉన్నది.

"పొయ్యి, వదినే" అన్నది.

దుర్గవ్వ పోసింది. సగం చెంబు కిందికి ఒలికిపోయింది, కన్నీళ్ళలో కళ్ళు కనిపిస్తే కదా. పోచవ్వ మిగిలినది రెండు చేతులతో ఎత్తి, ఆపి ఆపి, చివరి చుక్క దాకా తాగింది. కొంగు ఉన్నది, తుడుచుకోలేదు. పెదాల చుట్టూ తెల్లగా పాలు అలాగే ఉంచుకొని, బయటికి వచ్చి, కొడుకు నడిచిన ఆ పది అడుగులూ నడిచి, అందరూ చూస్తుండగా అతను ఒరిగిన బల్ల మీద కూర్చున్నది.