పోగు తెగిన సైగ

ఓదెమ్మ సర్వపిండి డబ్బాను పాత చీర ముక్కలో మూటగట్టి, ముంబయి పక్కనున్న పద్మనగర్‌లో సందు చివరిదాకా వెంట వచ్చి పెద్దకొడుకు చేతిలో పెట్టింది. చుట్టూ బట్ట నేసే సాంచాలు దడదడలాడుతున్నాయి.

"నీ తమ్ముడు నర్సింగ్ ఓడ ఇయ్యాల్నే పోతదంట. నీ పడవ ఆడికి పోతది గద. వానికియ్యి, మర్శిపోకు" అని చెవి దగ్గర అరిచింది.

దత్తాత్రి తలూపాడు. రోజూ ఇంట్లో తినే తనకు మూట ఎవరు కడతారు?

అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపారు. ఓడ కొలువుకు ఇద్దరూ కలిసే వెళ్లారు. సాంచాల మోతకు చెవులు మందగించాయని డాక్టరు దత్తాత్రిని తీసేశాడు. తమ్ముడు దేశాలు తిరుగుతున్నాడు. తనకు దక్కింది ముంబయి రేవులో ఖలాసీ పని. దారి చూపుతూ ఓడను రేవు దాటించిన పైలట్‌ను పడవలోకి దించుకుని వెనక్కి తేవాలి, అంతే. కుళ్లా అంటే కుళ్లే. తమ్ముడు ఫోనులో నవ్వినా అతనికి కడుపు మండేది.

పడవెక్కగానే మూటను కాలితో బెంచీ కిందికి తోశాడు. అడిగితే మరిచిపోయానంటాడు.

మధ్యాహ్నం ఓడ నీళ్లలో తేలే ఎర్ర, పచ్చ బోయాల నడుమ నుంచి బయటికొచ్చి వేగం తగ్గించింది. పడవ దాని పక్కకు చేరింది. పైనుంచి తాళ్ల నిచ్చెన వేసింది నర్సింగే. నారింజ రంగు బట్టలు, కొత్త బూట్లు. అన్నను చూసి పళ్లికిలించాడు. పైలట్ దిగడానికి ఒక కాలు బయట పెట్టాడు.

అప్పుడు కనిపించింది దత్తాత్రికి. ఓడ అంచు కింద నిచ్చెన తాడొకటి నలిగి, పోగులు పోగులుగా విడిపోతోంది. పైవాళ్లకు అది కనబడదు. పైలట్ పడితే తమ్ముడి నౌకరీ పోతుంది. ఆ తలపు ఒక్క క్షణం అతనికి హాయిగా ఉంది.

"ఆగుండ్రి!" అని అరిచాడు. ఇంజన్ల హోరులో ఎవరికీ వినబడలేదు. చేతులు వాటంతటవే లేచాయి. రెండు వేళ్లు విడదీసి చూపి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. మాట వినబడని కార్ఖానాలో అందరూ చేసే సైగ. పోగు తెగింది, సాంచా ఆపు.

నర్సింగ్ ఎందుకా అని ఆగి చూడలేదు. పైలట్ భుజం పట్టి వెనక్కి లాగేశాడు. తర్వాతే వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

వేరే నిచ్చెన వేస్తే పైలట్ దిగాడు. ఓడ కదిలింది. నర్సింగ్ ఇంకా అక్కడే నిలబడి ఐదు వేళ్లూ నోటికి ఆనించి, చెయ్యి చాచాడు. అదీ కార్ఖానా సైగే. అమ్మ తినేందుకేమన్నా పంపిందా?

"ఉన్నదిరా, ఉన్నది!" అంటూ దత్తాత్రి బెంచీ కిందికి వంగాడు. లేచేసరికి నడుమ ఎన్నో అలలు. తమ్ముడు నారింజ చుక్కంత అయ్యాడు.

అతని చేతిలో మూట, అమ్మ వేసిన ముడి వేసినట్టే ఉంది.