అర్థానికో చెంచా

ఆయమ్మ చెంచా పైకెత్తి వంచింది. జావ నీళ్ళలా కారకుండా మెల్లగా జారి గిన్నెలో పడింది. పలచగా ఉంటే టీచరమ్మకు పొలమారుతుంది. చిక్కగా ఉంటే పడిపోయిన ఎడమ బుగ్గలో ముద్దగా ఉండిపోతుంది, తర్వాత వేలు పెట్టి తీయాలి. మంచం తలవైపు ఎత్తు పెంచే పిడి తిప్పి, చంకల కింద చేతులేసి ఆమెను పైకి జరిపి, వీపు వెనక దిండు దోపి, మెడకు చిన్న తువ్వాలు చుట్టి, ఆస్పత్రిలో నర్సు చూపించినట్టు గడ్డం కాస్త కిందికి వంచింది.

"ఈ పూట మాటేంటి?" అంది టీచరమ్మ. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆమె మాట నోటికి ఒక పక్క నుంచే వస్తుంది. వచ్చినవాళ్ళు తల ఊపుతారు గాని సగం అర్థం కాదు. ఆయమ్మకు అంతా అర్థమవుతుంది.

"లైటు, అమ్మగారూ."

"వెలుతురని చెప్పకు. ఆ అర్థం ఊరందరికీ తెలుసు, దానికి నోరు తెరవను. బరువు లేనిదాన్ని కూడా లైటే అంటారు. వాక్యం చెప్పు."

ఆయమ్మ ఆలోచించింది. ఇప్పుడే కదా చంకల కింద చేతులేసి లేపింది. "టీచరమ్మ ఈజ్ లైట్" అంది.

టీచరమ్మ మూతి కుడి పక్కతోనే నవ్వింది. చెంచా లోపలికి వెళ్ళింది. ఆయమ్మ చూపు ఆమె కంఠం మీద నిలిచింది. గొంతులో ముడి పైకి లేచి దిగితే మింగినట్టు. లేచింది, దిగింది. లేత రంగుకు ఒక చెంచా, పొయ్యి వెలిగించడానికి ఒక చెంచా. ఆ తర్వాత టీచరమ్మ తల పక్కకు తిప్పేసుకుంది. గిన్నె నిండుగానే ఉంది.

ఈ పద్ధతి ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో టీచరమ్మ నోరు బిగబట్టుకుని పడుకునేది. బతిమాలితే వినదు, బెదిరించడానికి ఆమె చిన్నపిల్లా కాదు. ఒకరోజు మందుల పెట్టె సర్దుతూ ఆయమ్మ, "కోర్సు పూర్తిగా వాడాలని రాశారు, మందులకు కూడా కోర్సేనా, చదువుకే అనుకున్నానే" అని పైకే గొణుక్కుంది. బతుకంతా బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి అది విని ఊరుకుంటుందా? నది పారే దారి కూడా కోర్సేనని చెప్పడానికి నోరు తెరిచింది. ఆయమ్మ చెంచా పెట్టేసింది. ఆ రోజు నుంచి అర్థానికో చెంచా. ఎక్కువ అర్థాలున్న మాట దొరికితే పూట గడుస్తుంది. అందుకని ఆయమ్మ బస్సులో బోర్డులు చదువుతుంది, పక్కసీటువాళ్ళను అడుగుతుంది. బట్టల కొట్లో పనిచేసే ఆమె కూతురు, "అమ్మా, ఈ వయసులో నీకు ఏ కలెక్టరు ఉద్యోగం ఇస్తారే?" అని ఏడిపిస్తుంది. రాత్రి కాపలా ఉద్యోగం చేసే మొగుడు మాత్రం ఏమీ అనడు. అనడానికి అతను మేలుకుని ఉండేది ఎప్పుడని.

అయితే ఇవాళ ఆట కాదు. డాక్టరు మొన్న వచ్చి, మనిషి చిక్కిపోతోందని, ఇవాళ సాయంత్రంలోగా తిండి పెరగకపోతే ముక్కులోంచి పైపు వేసేస్తానని చెప్పి వెళ్ళాడు. ఆస్పత్రిలో ఒకసారి వేస్తే టీచరమ్మ పీకేసింది. ఇంటికి రాగానే ఆయమ్మ చెయ్యి పట్టుకుని, "అది మళ్ళీ వద్దే" అంది. ఆయమ్మ సరేనంది. సరేననడానికి తనెవరు? అయినా అనేసింది.

దీనికి ముందు ఆయమ్మ పనిచేసిన ఇంట్లో ఒక పెద్దాయనకు పైపు ఉండేది. ఆయనా పీకేవాడు. చేతులు మంచానికి కట్టమన్నారు. గాజుగుడ్డతో కట్టింది ఆయమ్మే. ముడి గట్టిగా ఉందా అని లాగి చూసింది కూడా ఆయమ్మే. ఆయన ఆమె కేసి చూస్తూ ఉండేవాడు, తిట్టేవాడు కూడా కాదు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం సయించదు. ఇంతవరకు ఆమె చూసుకున్నవాళ్ళలో లేచి నడిచినవాళ్ళు లేరు, ఆ ఉద్యోగమే అలాంటిది. కాని చేతులు కట్టడం వేరు.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి టీచరమ్మ మేనకోడలు ఫోన్ చేసింది. ఇల్లు ఆమెదే, అత్తను చూసుకునేదీ ఆమే. చెడ్డది కాదు, తీరిక లేనిది.

"పొద్దున ఎంత తిన్నది?"

అంట్ల తొట్టి పక్కనే ఉంది. నీళ్ళు వదిలితే మిగిలిన జావ పోతుంది, అంతా తిన్నారని చెప్పొచ్చు. అలా చేసేవాళ్ళు ఆయమ్మకు తెలుసు. "మూడు చెంచాలమ్మా" అంది.

"సరే, డాక్టరుగారితో పాటే వస్తాను."

ఆయమ్మ దగ్గర ఒక మాట దాచి ఉంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్నది ఏదని మేనకోడల్ని ఒకరోజు అడిగితే, ఆమె చెప్పులు వేసుకుంటూ చెప్పి వెళ్ళిపోయింది. చీటికీ మాటికీ వాడేయకుండా తురుపు ముక్కలా అట్టేపెట్టుకుంది. ఇంకెప్పటికి దాస్తుంది?

"రన్ను, అమ్మగారూ."

టీచరమ్మ కళ్ళు తెరిచి చాలాసేపు చూసింది. "అమ్మో" అంది. "దిండు సరిచెయ్యి."

పరుగు లెక్కలోకి రాలేదు. కుళాయి కారితే రన్. జలుబు చేసి ముక్కు కారినా రన్. బస్సు ఈ దారిన నడిస్తే రన్. కొట్టు నడిపినా, ఉతుకుతుంటే చీర రంగు దిగినా, ఎన్నికల్లో నిలబడినా అదే. ఇలా ఒకదాని వెనక ఒకటి ఇంకెన్నో. ఒక్కోదానికి ఆయమ్మ వాక్యం కట్టింది, ఒక్కోదానికి చెంచా వెళ్ళింది. ఎన్నికల వాక్యంలో తన మొగుణ్ణి నిలబెట్టి, నిద్రపోతూ ఓడిపోయాడని చెప్పింది. టీచరమ్మ నవ్వబోయి పొలమారి దగ్గింది. ఆయమ్మ చెంచా పడేసి వీపు నిమిరింది. దగ్గు తగ్గాక టీచరమ్మ, "ఊఁ, తర్వాతది" అంది. అడుగులో ఒక చెంచా మిగిలింది.

"నీకు ఇంగ్లీషు అక్కర్లేదని నాకు తెలుసే" అంది టీచరమ్మ. "నువ్వు గిన్నె కోసం అడుగుతావు."

ఆయమ్మ దొరికిపోయిన పిల్లలా తల దించుకుంది. "మొదట గిన్నె కోసమేనమ్మగారూ."

"ఇప్పుడో?"

"ఇప్పుడు రెంటికీ."

టీచరమ్మ ఆ చివరి చెంచా అర్థం చెప్పకుండానే తీసుకుంది. "ఇంకా చాలా ఉన్నాయి. సాయంత్రం చెబుతా" అని కళ్ళు మూసుకుంది.

డాక్టరు వచ్చేసరికి ఎండ తగ్గింది. చేతి మీద చర్మం పట్టి చూశాడు, నాడి చూశాడు, స్టెతస్కోపు పెట్టి గుండె విన్నాడు. మధ్యాహ్నం గిన్నె ఖాళీ అయిందని ఆయమ్మ చెబితే నమ్మనట్టు మేనకోడలి వైపు చూశాడు. "ఆవిడ అబద్ధం చెప్పదు" అంది మేనకోడలు. పైపు ఈ వారం వద్దులే అని ఆయన సంచీ మూశాడు. ఆయమ్మకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. జావ కాచాలని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గిన్నె తీసుకుని వచ్చేటప్పటికి గదిలో వెలుతురు మసకబారింది. "తర్వాతది చెబుతానన్నారు కదా" అంటూ మంచం పిడి తిప్పింది. దిండు దోపింది, గడ్డం వంచింది. అలవాటుగా కంఠం కేసి చూసింది. చూస్తూ నిలబడింది. జావ చల్లారిపోయింది.

మేనకోడలు ముందు డాక్టరుకు ఫోన్ చేసింది, ఆ తర్వాత ఏడ్చింది. తేరుకున్నాక, "చివరికి ఏమైనా అన్నదా?" అని అడిగింది.

"ఇంకా చాలా ఉన్నాయన్నారమ్మా. సాయంత్రం చెబుతానన్నారు."

"ఏవి?"

"రన్నుకి అర్థాలు."

మేనకోడలు ముక్కు తుడుచుకుంది. "కొన్ని నాకూ తెలుసు. నేను చెప్పనా?"

"వద్దులెండమ్మా."

మర్నాడు ఆయాలను పంపే ఏజెన్సీవాళ్ళు ఆయమ్మను వేరే ఇంటికి పంపారు. అక్కడి ముసలాయన అడక్కుండానే నోరు తెరుస్తాడు, ఒక్క మాటా మాట్లాడడు. గిన్నె తొందరగా అయిపోతుంది. ఆయమ్మకు చేతినిండా తీరిక.

టీచరమ్మ ఇంటి పెరట్లో, వెళ్ళేముందు ఏ ధ్యాసలో ఉందో ఆయమ్మ ఉతికి ఆరేసిన చిన్న మెడ తువ్వాలు దండెం మీద అలాగే ఉంది, రెండు క్లిప్పులతో, ఎండిపోయి.