మర్యాదస్తుడైన రాక్షసుడు

మా ఆయన శ్రవణ్ కుమార్ బల్మూరు వైపు ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. ఆ పనిలో మీటలు నొక్కడం తక్కువ, తిట్లు తినడం ఎక్కువ. వేరుశనగకు నీళ్లు పెట్టే రోజుల్లో కరెంటు పోయిందంటే చుట్టుపక్కల ఊళ్ల రైతులంతా ఆయనకే ఫోన్ చేస్తారు. ఎదురు మాట్లాడకూడదని పైనుంచి ఆదేశం. "చూస్తున్నం అన్నా, జర ఓపిక పట్టుండ్రి" అని మాత్రమే అనాలి. ఏళ్ల తరబడి అదే అంటున్నాడు.

ఆ మాట మెల్లగా ఇంట్లోకీ వచ్చింది. పప్పు చేయనా, పులుసు చేయనా అని అడిగితే "చూస్తున్నం" అన్నాడు. మా పాప వర్ష పరుగుపందెంలో గెలిచిన కప్పు తెచ్చి చూపిస్తే "పై అధికారులకు తెలియజేస్తం" అన్నాడు. పిల్ల ఏడ్చింది. తర్వాత ఆ రెండు మాటలు కూడా మానేశాడు. డ్యూటీ నుంచి రావడం, తినడం, గోడ వైపు తిరిగి పడుకోవడం. తాగి కొట్టే మొగుడని చెప్పుకుంటే నలుగురైనా నా వైపు మాట్లాడేవాళ్లు. నోరెత్తని మొగుడని చెబితే "అదృష్టవంతురాలివి" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు డ్యూటీలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. నాగర్‌కర్నూల్ దవాఖానాకు తీసుకుపోతే డాక్టరమ్మ బీపీ చూసి, కోపమంతా లోపలే దాచుకుంటున్నాడని, ఇలాగే ఉంటే గుండె మీదికి వస్తుందని చెప్పింది. బొమ్మలు గీయించమంది, పాటలు పాడించమంది. నేను మాత్రలతో పాటు రంగు పెన్సిళ్లు కూడా కొన్నాను. ఆయన బుద్ధిగా కూర్చుని గీశాడు. మూడు కరెంటు స్తంభాలు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద పుర్రె గుర్తుతో 'అపాయం' బోర్డు. బొమ్మ మొత్తంలో నవ్వుతున్నది ఆ పుర్రె ఒక్కటే.

అప్పుడు నాకు బాగోతం గుర్తొచ్చింది. పెళ్లికి ముందు ఆయన బాగోతంలో వేషాలు కట్టేవాడు. పద్యం ఎత్తుకుంటే పక్క ఊరికి వినిపించేదని మా అత్త ఇప్పటికీ చెబుతుంది. ఆ గొంతు నేను వినలేదు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన ఆపరేటర్ అయ్యాడు. ఆట నేర్పే సాయన్న మామ ఈ ఏడు మళ్లీ జట్టు కడుతున్నాడని తెలిసి, మా ఆయన్ని స్కూటీ ఎక్కించుకుని తీసుకుపోయాను.

సాయన్న మామ ఆయన ముఖం చూసి మురిసిపోయాడు. "ముని వేషానికే పుట్టిండు" అన్నాడు. ఆ ఆటలో మునికి ఒక్క మాట ఉండదు. మొదటినుంచి చివరిదాకా కళ్లు మూసుకుని తపస్సు చేస్తాడు. రాక్షసుడొచ్చి ఎంత తిట్టినా పడి ఉంటాడు.

"గా పనికి ఆయనకు నెలనెలా జీతమొస్తది మామా," అన్నాను. "రాక్షసుని వేషం ఇయ్యి."

"రాక్షసునికి గొంతు గావాలె బిడ్డా."

"ఉన్నది. లోపల వడ్డది. నువ్వే తియ్యాలె."

నాతో వాదించలేక ఇచ్చాడు. ముని వేషం మల్లేశ్‌కు పోయింది. పక్క ఊరి రైతు. కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కు మొదటి ఫోన్ అతనిదే. మా అత్తను ఎన్నడూ చూడకపోయినా ఆమె గురించి ఫోన్‌లో చాలా మాటలన్నాడు. ఎదురుపడితే మాత్రం "అన్నా" అంటూ బీడీ ఇవ్వబోతాడు.

సాధన మొదలైంది. రాక్షసుడు మునిని చూసి, ఎవడురా నువ్వు, నా అడవిలో నీకేం పని అని గర్జించాలి. మా ఆయన ముందుకొచ్చి, "ఎవరన్నా మీరు? ఏ ఊరు?" అని అడిగాడు. మద్దెల ఆగిపోయింది.

"తిట్టవయ్యా!" అని సాయన్న మామ నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమన్న అనుకుంటడేమో మామా."

రోజూ ఇదే తంతు. ఇట్లయితే వేషం మార్చేస్తానని సాయన్న మామ అన్నాడు. ఆట దాకా ఆగమని బతిమాలాను. నాకు నిజంగా భయం వేసింది. ఇది కూడా పోతే ఆ మనిషిని వెనక్కి తెచ్చుకునే దారి నాకు ఇంకొకటి తెలియదు.

ఆట రోజు వచ్చింది. రాత్రంతా ఆడే ఆటను ఇప్పుడు టీవీలకు భయపడి సాయంత్రమే ఆడుతున్నారు. ఇద్దరు తెర పట్టుకున్నారు. దాని వెనుక కట్టె కిరీటం, భుజకీర్తులు, ముఖాన ఎర్రరంగుతో మా ఆయన. తెర ముందు గడ్డం పెట్టుకుని కళ్లు మూసుకున్న మల్లేశ్. తెర దిగింది. మా ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. అంతలో జనంలోంచి ఎవడో అరిచాడు.

"ఓ ఆపరేటరూ, కరెంటు ఎప్పుడొస్తది?"

అందరూ నవ్వారు. అప్పుడు వచ్చింది గొంతు.

"నన్నడుగుతవేందిరా! ట్రాన్స్‌ఫార్మర్ నేను కాల్చిన్నా? వాన నేను ఆపిన్నా?" మునివైపు తిరిగాడు. "మా అమ్మ నీకేం జేసిందిరా? ఇన్నేండ్ల సంది ఫోన్ జేస్తవు గదా, ఒక్కనాడన్న తిన్నవా అని అడిగినవా?"

ఇదంతా ఆటలోదే అనుకుని మద్దెలాయన ప్రతి ప్రశ్నకూ దరువేశాడు. తర్వాత అతనికీ అర్థమై చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ముని కళ్లు తెరిచాడు.

"కండ్లు మూస్కోరా, మునివి!" అని పక్కనుంచి సాయన్న మామ.

మల్లేశ్ మూసుకోలేదు. "మరెవర్ని తిట్టాలె అన్నా?" అన్నాడు మెల్లగా. "వాన నంబరు నా తాన లేదాయె. పెద్దసార్లకు జేస్తె ఎత్తరు. ఎత్తేటోనివి నువ్వొక్కనివే."

ఇది ఆటలో లేని మాట. సాయన్న మామ నేర్పలేదు. మా ఆయన కిరీటం తీసి పక్కన పెట్టి, ముని పక్కనే కూలబడ్డాడు. కథ ప్రకారం అప్పుడు పిడుగు పడి రాక్షసుడు చావాలి. పిడుగు వేసేవాడికి మనసు రాలేదు. సాయన్న మామ మంగళం పాడించేశాడు.

రంగు కూడా కడుక్కోకుండా ఆయన నా స్కూటీ వెనుక ఎక్కాడు. ఊరు దాటగానే మొదలుపెట్టాడు. మల్లేశ్ బోరు ఒకటి ఎండిపోయిందట, రెండోదాని మోటరు కాలిందట. ఇంట్లో పడుకున్నా తనకు ఫోన్ మోగినట్టే వినిపిస్తుందట. "ఎవ్వరికి చెప్పలే యమునా, నీకు గూడ చెప్పలే," అన్నాడు. గాలికి సగం మాటలు వినబడలేదు. అన్నిటికీ ఊ కొట్టాను. ఏడుపొచ్చింది, హెల్మెట్ ఉంది కాబట్టి ఏడ్చాను.

మా ఇల్లు వచ్చింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను బండి ఆపకుండా ముందుకు పోనిచ్చాను.