పెట్టె సాక్ష్యం

అద్దం మీది మంచును పాత గుడ్డతో తుడిచి, రాజం స్టీరింగు కిందికి వంగి చూశాడు. వైర్ల సందున, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన నల్ల పెట్టె ఎర్రగా మిణుకుమంటోంది. రోజూ పొద్దున్నే దాన్ని చూస్తాడు. చూసి, "లేసినవా దొరా?" అని కిటికీలోంచి బయటికి ఉమ్మేస్తాడు.

కోరుట్లలో కుమార్‌కు ఉన్నవి నాలుగే సరుకుల బండ్లు. ఆర్నెల్ల కింద నాలుగింటికీ ఈ పెట్టెలు పెట్టించాడు. ఆ రోజు డ్రైవర్లందరినీ నిలబెట్టి ఫోను చూపించాడు. "పెద్ద కంపెనీలోల్లకు మేనేజర్లుంటరు, కంప్యూటర్లుంటయి. మనకేముంది? గీ ఫోనే ఆఫీసు. ఎక్కువ ఖర్చు లేదు, నేర్చుకునేది లేదు. ఏ బండి ఏడున్నదో కూసున్నకాన్నే కనబడ్తది." తెర మీద నాలుగు చుక్కలు కదులుతుంటే అతని ముఖం జాతరలో బొమ్మ కొనుక్కున్న పిల్లాడి ముఖంలా వెలిగిపోయింది.

రాజానికి నవ్వొచ్చింది. కుమార్ తండ్రి ఒక్క బండితో మొదలుపెట్టిన మనిషి, పంక్చరు తానే వేసుకునేవాడు. సాయంత్రం బండి రాగానే "తొవ్వ ఎట్లున్నది రాజం?" అని అడిగేవాడు. కొడుక్కి క్లచ్చేదో బ్రేకేదో తెలియదు. తొవ్వంటే వాడికి ఫోనులో నీలం గీత.

యాభై ఆరేళ్ల రాజం పొట్టి మనిషి. కిటికీ మీద ఆనించీ ఆనించీ కుడి మోచేయి ఎడమదానికన్నా నల్లగా కమిలింది. తండ్రి ఇబ్రహీంపట్నంలో తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కొడుక్కి ఆ ధైర్యం రాలేదు, నేల మీదే బతుకుతానని స్టీరింగు పట్టాడు. తోటివాళ్లంతా దుబాయ్ పోయి వచ్చారు. అతను మాత్రం కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దాటకుండా ఇరవై రెండేళ్లు తిరిగాడు. భార్య గంగవ్వ బీడీలు చేస్తుంది. చెప్పుకోదగ్గ బతుకేం కాదు. ఒకరి సొమ్ము ముట్టలేదన్న పొగరు ఒక్కటే అతని ఆస్తి. ఆ పొగరు మీద కూర్చునే లోకాన్నంతా చిన్నచూపు చూసేవాడు.

తోటి డ్రైవరు రమేశ్ తన బండి జాడ తెలియకుండా పెట్టెకు వెండి కాగితం చుట్టి దొరికిపోయి, కుమార్ కాళ్లు పట్టుకున్నాడు. రాజానికి వాడన్నా అసహ్యమే. దాచుకోవాల్సింది ఉన్నవాడు దాచుకుంటాడు, దొరికినవాడు ఏడుస్తాడు, థూ!

పెట్టె పెట్టిన మొదటి వారంలోనే ఫోనొచ్చింది.

"కాకా, మల్యాల కాడ పదకొండు నిమిషాలాగింది బండి. ఏంది సంగతి?"

"చాయ్ తాగిన. ఎన్ని గుటకలో పడలేదా గా ఫోన్ల?"

మర్నాటి నుంచి అక్కడ ఆగడం మానేశాడు. చౌరస్తాలో ఇంద్రమ్మ దగ్గర పదిహేనేళ్లుగా తాగుతున్న చాయ్ అది. ఎందుకు మానాడో చెప్పడానికైనా ఆగాలి కదా, ఆగలేదు. ఆమె గరిట పట్టుకుని చూస్తుంది, అతను హారను కొట్టి వెళ్లిపోతాడు.

అద్దం తుడుచుకుని బయల్దేరిన ఆ రోజూ అంతే. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య లంగాల బట్ట కట్టలు ఎక్కించుకుని, మల్యాలలో హారను కొట్టి, మధ్యాహ్నానికి జగిత్యాలలో వజ్రమ్మ బట్టల దుకాణం ముందు ఆపాడు. దుకాణం మెట్ల పక్కన కుమార్ మోటారుసైకిలు కనిపించింది.

వజ్రమ్మ గద్దె దిగలేదు. "ఇయ్యాల్టి సరుకు తర్వాత దించుదురు. పోయిన మంగళవారం ఒక కట్ట తక్కువచ్చింది. నడుమల ఏడ దించిండో అడుగు మీ డ్రైవర్‌ను," అంది కుమార్‌తో. ఎదురుగా నిలబడ్డ మనిషి వైపు చూడనైనా లేదు.

ఈ సంగతి బుధవారమే ఫోనులో వచ్చింది. "ఇచ్చింది తెచ్చిన, తెచ్చింది దించిన," అని రాజం అప్పుడే చెప్పాడు. "సరే, చూద్దాం కాకా," అన్నాడు కుమార్. ఏం చూస్తాడో అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు కుమార్ ఫోను తీసి గద్దె మీద పెట్టాడు. "చూడక్కా, మంగళవారం. సిరిసిల్లల బయలెల్లింది. గిదో, రైలు గేటు కాడ రెండు నిమిషాలు. మల్ల మీ దుకాణమే. ఏడ దించుతడు?"

ఆమె కళ్లజోడు సవరించుకుని నీలం గీత వెంట వేలు జరిపింది. గీత ఎక్కడా తెగలేదు. సిరిసిల్లకు ఫోను చేసింది. కాసేపటికి అవతల నుంచి జవాబొచ్చింది: కట్ట వాళ్ల గోదాములోనే, తలుపు వెనక ఉండిపోయిందట.

"పోనీ, దొరికింది గద," అంది వజ్రమ్మ, ఈగను తోలినట్టు.

కుమార్ గర్వంగా రాజం భుజం తట్టాడు. "చూసినవా కాకా? గీ పెట్టె లేకుంటే ఇయ్యాల నీ పేరు ఖరాబయ్యేది!"

ఆ గీత తెగకుండా దుకాణం దాకా వచ్చినప్పుడు రాజం గుండె తేలికపడింది. పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు. ఆ వదిలిన ఊపిరి తన చెవికే వినిపించింది. రోజూ చూసి ఉమ్మే పెట్టె తనను దొంగ కాదందని సంబరమా! కుమార్‌ను, వజ్రమ్మను, రమేశ్‌ను చూసినప్పుడు ఎన్నడూ రానంత రోత ఇప్పుడు తన మీద తనకే వచ్చింది.

హమాలీలు సరుకు దించుతుంటే పక్కన నిలబడి కట్టకట్టా లెక్క చెప్పాడు. చివరిది దిగాక, వజ్రమ్మ వినేలా "అన్నీ అచ్చినయా అమ్మా?" అని అడిగాడు. ఆమె తలూపేదాకా కదల్లేదు. తర్వాత బండి తాళం తెచ్చి కుమార్ చేతిలో పెట్టాడు.

"ఏంది కాకా?"

"ఇంకొగన్ని చూసుకో."

"నేనేమన్న? నిన్ను కాపాడిన గద!"

"బుధవారం నేను చెప్పిన, నీకు ఇనబడలె. ఇయ్యాల పెట్టె చెప్పింది, ఇనబడ్డది. ఇరవై రెండేండ్లు నీ ఇంట్ల చేసిన, కుమార్. పెట్టె మంచిదే, పెట్టుకో. దానికి తోడు నేనెందుకు?"

"గింత దానికి కోపమా?" కుమార్‌కు నిజంగానే అర్థం కాలేదు. తండ్రి బతికుంటే అర్థమయ్యేదని రాజం అనుకున్నాడు కానీ, ఆ మాట వీడి మీద ఖర్చు చేయడం దండగనిపించింది.

టిఫిను డబ్బా, తువ్వాలు, లైసెన్సు తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. కోరుట్ల బస్సులో కుడివైపు కిటికీ దొరికింది. మోచేయి దాని మీద ఆనించుకుని, డ్రైవరు గేరు మార్చిన తీరుకు ముఖం చిట్లించాడు.

దుకాణం ముందు, తలుపు తీసి ఉన్న బండిలో, నడుము నొప్పికని గంగవ్వ పాత చీర ముక్కలు కుట్టి ఇచ్చిన దిండు సీటు మీదే ఉండిపోయింది, నడిమధ్య మనిషి కూర్చున్న గుంట ఇంకా పైకి లేవకుండా.